పాతబస్తీ ప్రైవేటు బడులు, స్వేచ్ఛా మార్కెట్ చింతన

హైదరాబాదు పాతబస్తీలో ఆటో డ్రైవర్లు, గాజుల కార్మికులు, జరీ పనివాళ్లు, హమాలీలు, చిల్లర వ్యాపారుల పిల్లలు చదివే చిన్న ప్రైవేటు బడులు వందల్లో ఉన్నాయి. ప్రభుత్వం నుంచి పైసా సాయం లేకుండా, తల్లిదండ్రులు నెలనెలా కట్టే చిన్న ఫీజుల మీద ఇవి నడుస్తాయి. 2000 సంవత్సరం దాకా వీటి గురించి పట్టించుకున్నవారు తక్కువ. ఆ తరువాతి పదేళ్లలో మాత్రం స్వేచ్ఛా మార్కెట్‌ను సమర్థించే ఆర్థికవేత్తలకూ, ప్రజా విద్యను సమర్థించేవారికీ మధ్య అంతర్జాతీయంగా జరిగిన వాదంలో చార్మినార్, బహదూర్‌పురా, బండ్లగూడ పేర్లు పదేపదే వినిపించాయి. బడి నడపడం సర్కారు పనా, ఫీజు కట్టే తల్లిదండ్రుల ఎంపికకు వదిలేయాల్సిన పనా అన్నది ఆ వాదం. ఫ్రీడ్రిక్ హాయక్, మిల్టన్ ఫ్రీడ్‌మన్‌ల వంటివారు పుస్తకాల్లో రాసిన సిద్ధాంతానికి నిజ జీవితంలో రుజువు పాతబస్తీ గల్లీల్లో దొరికిందని ఒక వర్గం అంది. దొరికింది సగమే అని మరో వర్గం అంది.

సిద్ధాంత నేపథ్యం

ఈ వాదం ఆడం స్మిత్ కాలం నాటిది. 1776లో వెలువడిన ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’లో స్మిత్ పంతుళ్ల జీతాల గురించి ప్రత్యేకంగా చర్చించాడు. జీతం మొత్తం ఖజానా నుంచే వస్తే పంతులు పని మీద శ్రద్ధ తగ్గిస్తాడు కాబట్టి, కొంత భాగం విద్యార్థుల ఫీజు నుంచి రావాలన్నది ఆయన అభిప్రాయం. పిల్లలందరికీ చదువు తప్పనిసరి చేయవచ్చు గానీ బడులన్నీ ప్రభుత్వమే నడపకూడదని 1859లో జాన్ స్టూవర్ట్ మిల్ ‘ఆన్ లిబర్టీ’లో వాదించాడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ఆలోచనకు గట్టి పునాది వేసినవాడు హాయక్. 1899లో వియన్నాలో పుట్టి, 1931 నుంచి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, 1950 తరువాత చికాగో విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. 1944 నాటి ‘ద రోడ్ టు సెర్ఫ్‌డమ్’ ఆయన పేరును సామాన్య పాఠకుల దాకా తీసుకెళ్లింది. బడుల చర్చకు దానికన్నా బాగా పనికొచ్చేది 1945లో రాసిన చిన్న వ్యాసం, ‘ద యూజ్ ఆఫ్ నాలెడ్జ్ ఇన్ సొసైటీ’. సమాజానికి అవసరమైన సమాచారం ఏ ఒక్కరి దగ్గరా కుప్పగా ఉండదు, లక్షల మంది దగ్గర చిన్నచిన్న ముక్కలుగా చెదిరి ఉంటుంది, రాజధానిలో కూర్చున్న ప్రణాళికా సంఘం దాన్నంతా పోగుచేసుకోలేదు, ధర అనే సంకేతం ద్వారా మార్కెట్ ఆ ముక్కలను కలుపుతుంది అని ఆ వ్యాసం సారాంశం. 1947 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌లో మాంట్ పెలెరిన్ సొసైటీని ప్రారంభించి ఉదారవాద ఆర్థికవేత్తలను ఒక వేదిక మీదికి తెచ్చిందీ ఆయనే. 1974లో గునార్ మిర్డాల్‌తో కలిసి నోబెల్ పురస్కారం అందుకున్నాడు. 1992లో మరణించాడు.

చదువు విషయంలో ఆచరణకు పనికొచ్చే పథకం ఇచ్చినవాడు మిల్టన్ ఫ్రీడ్‌మన్ (1912–2006). 1955లో ‘ద రోల్ ఆఫ్ గవర్నమెంట్ ఇన్ ఎడ్యుకేషన్’ అనే వ్యాసంలో ఓచర్ పద్ధతిని ప్రతిపాదించాడు. ఒక పిల్లవాడి చదువు వల్ల వాడి కుటుంబానికే కాక ఇరుగుపొరుగుకూ మేలు జరుగుతుంది కనుక ఖర్చు ప్రభుత్వం భరించడం న్యాయమే. అయితే ఆ డబ్బు బడికి కాకుండా తల్లిదండ్రుల చేతికి ఓచర్ రూపంలో ఇవ్వాలి, నచ్చిన బడికి వాళ్లే తీసుకెళ్తారు, పిల్లల కోసం బడులు పోటీ పడతాయి అని ఆ వాదం. ఇదే ప్రతిపాదన 1962 నాటి ‘కాపిటలిజం అండ్ ఫ్రీడమ్’లో మరింత ప్రచారం పొందింది. 1960లో వచ్చిన ‘ద కాన్‌స్టిట్యూషన్ ఆఫ్ లిబర్టీ’లో హాయక్ కూడా దీన్ని సమర్థించాడు. ఇద్దరూ ఖర్చు నుంచి ప్రభుత్వాన్ని పూర్తిగా తప్పించలేదన్న సంగతి తరువాతి చర్చల్లో తరచు మరుగున పడింది.

1965లో ఇ.జి. వెస్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త ‘ఎడ్యుకేషన్ అండ్ ద స్టేట్’ రాశాడు. 1870 చట్టంతో ఇంగ్లండ్‌లో ప్రభుత్వం బడులు పెట్టడానికి ముందే అక్కడి శ్రామికుల పిల్లల్లో అత్యధికులు ఫీజు కట్టి చదువుకుంటున్నారని ఆయన చారిత్రక ఆధారాలతో వాదించాడు. పాతబస్తీ బడుల మీద పరిశోధన చేసిన జేమ్స్ టూలీ ఈ వెస్ట్ శిష్య పరంపరకు చెందినవాడే. న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో ఆయన నడిపిన పరిశోధనా కేంద్రానికి పెట్టింది వెస్ట్ పేరే.

తెలుగునాట పూర్వరంగం

ఫీజు కట్టి చదివించడం తెలుగువారికి కొత్త కాదు. వీధిబడులూ కానిగిబడులూ సర్కారు పెట్టినవి కావు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ విద్య మీద జిల్లా కలెక్టర్ల నుంచి వివరాలు అడిగాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న అప్పటి బళ్లారి జిల్లా నుంచి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో నివేదిక పంపాడు. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. ఆ బడుల్లో కన్నడంవి 235, తెలుగువి 226, పారశీకంవి 21. పంతుళ్లకు పిల్లల ఇళ్ల నుంచే నెలనెలా డబ్బు ముట్టేది. దేశం పేదరికంలో పడుతున్నకొద్దీ సామాన్యులు ఆ ఖర్చు భరించలేక పిల్లలను మాన్పిస్తున్నారని కూడా కాంప్‌బెల్ రాశాడు. ఇంటివాళ్ల డబ్బుతో నడిచే బడికి ఉండే బలమూ బలహీనతా రెండూ ఆ ఒక్క నివేదికలో కనిపిస్తాయి.

ఈ నివేదికలను వెలికితీసి ప్రచురించిన ధరంపాల్ 1983లో తన గ్రంథానికి ‘ద బ్యూటిఫుల్ ట్రీ’ అని పేరు పెట్టాడు. ఆ మాట 1931 అక్టోబరులో లండన్‌లో గాంధీ చేసిన ప్రసంగంలోనిది. పాతబస్తీతో మొదలయ్యే తన పుస్తకానికి టూలీ 2009లో మళ్లీ ఇదే పేరు వాడుకున్నాడు.

స్వాతంత్ర్యం తరువాత దేశమంతా ప్రణాళికల వైపు నడిచింది. 1955లో ఆర్థిక మంత్రిత్వ శాఖ కోసం ఫ్రీడ్‌మన్ భారతదేశానికి వచ్చి, ప్రభుత్వ నియంత్రణలు తగ్గించాలని నివేదిక ఇచ్చాడు. అదే ఏడాది రెండో పంచవర్ష ప్రణాళిక ముసాయిదాకు ఆర్థికవేత్తల సంఘంలో బి.ఆర్. షెనాయ్ ఒక్కడే అసమ్మతి పత్రం రాశాడు. రాజకీయ రంగంలో ఈ గొంతు తెలుగు నేల నుంచి గట్టిగా వినిపించింది. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అదే పాఠం చెప్పిన ఆచార్య ఎన్.జి. రంగా 1959లో ఏర్పడిన స్వతంత్ర పార్టీకి వ్యవస్థాపక అధ్యక్షుడయ్యాడు. అయితే రంగా పోరు సహకార సేద్యానికి వ్యతిరేకంగా, రైతు సొంత కమతం కోసం సాగింది. బడుల సంగతి అప్పటి ఉదారవాదుల ఎజెండాలో పెద్దగా లేదు. పాతబస్తీలో అది ఏ పార్టీ సిద్ధాంతమూ లేకుండా, అవసరం కొద్దీ మొదలైంది.

పాతబస్తీ సామాజిక నేపథ్యం

1591లో చార్మినార్ చుట్టూ వెలసిన నగరం మూసీకి దక్షిణాన విస్తరించింది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో మొదటి సాలార్‌జంగ్ స్థాపించిన దారుల్ ఉలూమ్ ఈ ప్రాంతానికి ఆధునిక చదువు తెచ్చిన తొలి సంస్థల్లో ఒకటి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఉర్దూలోనే బోధించి దేశంలో కొత్త దారి తీసింది. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. దాంతో ఉర్దూ చదువుకూ సర్కారు ఉద్యోగానికీ మధ్య ఉన్న లంకె తెగిపోయింది. ఉన్నవాళ్లు నది దాటి ఉత్తరానికి తరలారు. లేనివాళ్లు ఇక్కడే మిగిలారు.

1970ల నుంచి గల్ఫ్ దేశాల్లో పని దొరకడం మొదలైంది. సౌదీ నుంచీ దుబాయి నుంచీ వచ్చిన డబ్బుతో పాటు ఒక అనుభవం కూడా ఇళ్లకు చేరింది: అదే కంపెనీలో ఇంగ్లీషు వచ్చినవాడికి ఒక జీతం, రానివాడికి మరో జీతం. ఉర్దూ మీడియం సర్కారు బడి ఇంటి పక్కనే ఉన్నా, నాలుగు గల్లీల అవతల ఇంగ్లీషు మీడియం బోర్డు కనిపిస్తే తల్లిదండ్రులు అటే నడిచారు. ప్రభుత్వ బడుల్లో సొంత భవనాలు, చాలినంత మంది టీచర్లు లేకపోవడం ఈ మళ్లింపును వేగం చేసింది.

బడి నడిచే తీరు

పాతబస్తీలో చిన్న ప్రైవేటు బడి చాలావరకు ఒక ఇల్లే. కింది అంతస్తులో నర్సరీ, ఎల్కేజీ, మీద ప్రైమరీ, మేడ మీద రేకులు వేసి ఆరు, ఏడు తరగతులు. తరగతికీ తరగతికీ మధ్య చెక్క అడ్డం. పక్క తరగతి ఎక్కాలు ఈ తరగతికి వినిపిస్తాయి. ఆటస్థలం అంటే గల్లీనే. పేర్లలో మాత్రం ‘గ్రామర్’, ‘మిషన్’, ‘మోడల్’, ‘టాలెంట్’ వంటి ఇంగ్లీషు మాటలు తప్పనిసరి. యజమానిని అందరూ ‘కరస్పాండెంట్’ అంటారు. చాలా చోట్ల ఆయనో ఆవిడో అదే మొహల్లా మనిషి. టీచర్లలో ఎక్కువమంది ఇంటర్, డిగ్రీ పూర్తిచేసిన ఆ చుట్టుపక్కల ఆడపిల్లలు. నడిచి రాగల దూరంలో, ఇంటివాళ్లు అభ్యంతరం చెప్పని ఉద్యోగం కనుక తక్కువ జీతానికే ఒప్పుకుంటారు. ఈ బడుల ఫీజు తక్కువగా ఉండటానికి అసలు కారణం ఈ జీతాలే.

ఈ వ్యవస్థను దగ్గరగా చూడాలంటే రెండు కాగితాలు చూస్తే చాలు. ఒకటి ఫీజు కార్డు. జూన్ నుంచి ఏప్రిల్ దాకా నెలల గళ్లు, కట్టిన నెల మీద ముద్ర, పక్కన సంతకం. కార్డు వెనక అట్ట మీద, ఆలస్యమైతే జరిమానా అని అచ్చు వేసి ఉంటుంది గానీ, రోజు కూలీ ఇంటి నుంచి దాన్ని గట్టిగా వసూలు చేస్తే పిల్లవాడు పక్క బడికి పోతాడని కరస్పాండెంట్‌కు తెలుసు. రెండు మూడు గళ్లు ఖాళీగా ఉండి, పండగ తరువాత ఒకేసారి ముద్రలు పడటం మామూలే. అయితే బాకీ తీరందే టీసీ ఇవ్వరు. పిల్లవాణ్ణి బడి మార్చే హక్కు తల్లిదండ్రుల చేతిలో ఉంటే, ఆ హక్కుకు తాళం కరస్పాండెంట్ బీరువాలో ఉంటుంది.

రెండోది స్కూల్ డైరీ. ప్రతి రోజూ ప్రతి సబ్జెక్టుకూ హోంవర్క్ రాసి టీచరు సంతకం పెడుతుంది, ఇంటి దగ్గర తల్లి సంతకం పెట్టాలి. ఇంగ్లీషు రాని తల్లి అందులో ఏముందో చదవలేదు. గడి నిండిందా, ఎర్ర సిరా టిక్కు పడిందా అన్నది మాత్రం చూడగలదు.

టూలీ పరిశోధన

బ్రిటన్‌కు చెందిన విద్యా పరిశోధకుడు జేమ్స్ టూలీ ప్రపంచ బ్యాంకు బృందంలోని అంతర్జాతీయ ఆర్థిక సంస్థ పనిమీద 2000 జనవరిలో హైదరాబాదు వచ్చాడు. అప్పగించిన పని సంపన్నులు చదివే ప్రైవేటు సంస్థల పరిశీలన. గణతంత్ర దినం సెలవు నాడు ఆటో ఎక్కి చార్మినార్ వెళ్లి వెనక గల్లీల్లో తిరుగుతుంటే పేదల ప్రైవేటు బడులు ఒకదాని తరువాత ఒకటి కనిపించాయని ఆయన రాసుకున్నాడు.

తరువాత పాలీన్ డిక్సన్, ఎస్.వి. గోమతిలతో కలిసి చార్మినార్, బహదూర్‌పురా, బండ్లగూడ మండలాల్లో గల్లీగల్లీ తిరిగి బడుల లెక్క తీయించాడు. మొత్తం 918 బడులు తేలాయి. వాటిలో ప్రభుత్వ బడులు 35 శాతం, ఎయిడెడ్ 5 శాతం, గుర్తింపు ఉన్న ప్రైవేటు బడులు 37 శాతం. మిగతా 23 శాతం బడులకు గుర్తింపే లేదు, అంటే అవి సర్కారు జాబితాల్లో ఎక్కడా లేవు. పిల్లల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది సాయం అందని ప్రైవేటు బడుల్లోనే ఉన్నారు. నెల ఫీజు సగటున వంద రూపాయల లోపే. చెప్పకుండా వెళ్లి చూసినప్పుడు తరగతిలో పాఠం చెబుతూ కనిపించిన టీచర్ల శాతం ప్రభుత్వ బడుల్లో కన్నా ప్రైవేటు బడుల్లో బాగా ఎక్కువ. సుమారు 4 వేల మంది పిల్లలకు పెట్టిన పరీక్షల్లోనూ ప్రైవేటు బడుల పిల్లలకే మార్కులు ఎక్కువ వచ్చాయి. టీచరుకయ్యే ఖర్చు మాత్రం ప్రభుత్వ బడిలో కొన్ని రెట్లు ఎక్కువ.

ఈ అధ్యయనంలో అంతగా ప్రచారం పొందని అంశం మరొకటి ఉంది. ఫీజు మీదే బతికే ఈ బడుల్లో దాదాపు 18 శాతం మంది పిల్లలు ఉచితంగానో, రాయితీ మీదో చదువుతున్నారు. తండ్రి లేని పిల్లలు, ఒకే ఇంటి నుంచి వచ్చే ముగ్గురు నలుగురు పిల్లలు ఇందులో ఉంటారు. ధర ఒక్కటే అన్నీ తేల్చే మార్కెట్‌లో దీనికి చోటు లేదు. మొహల్లాలో పరువు, ధర్మబుద్ధి, ఖాళీ బెంచీ నింపుకోవాలన్న లెక్క మూడూ కలిసి ఇక్కడ పనిచేస్తాయి.

హాయక్ చెప్పిన చెదిరిన సమాచారం సంగతి ఇక్కడ కంటికి కనిపిస్తుంది. టీచరు మూడు రోజులుగా రాలేదన్న విషయం మొదట తెలిసేది పిల్లవాడి తల్లికి. విద్యాశాఖలో డిప్యూటీ ఐ.ఓ.ఎస్. (డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్) కార్యాలయానికి అది చేరేసరికి నెల గడుస్తుంది, ఒక్కోసారి చేరదు కూడా. ఆ తల్లి చేతిలో వచ్చే నెల ఫీజు ఉంది. కరస్పాండెంట్‌కు భయం ఆ ఫీజు దగ్గరే మొదలవుతుంది. భారతదేశంలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల టీచర్లలో నలుగురిలో ఒకరు తనిఖీ రోజున గైర్హాజరుగా ఉన్నారని మైకేల్ క్రెమర్ బృందం 2005లో ప్రచురించిన జాతీయ సర్వే చెప్పింది. ఆ నేపథ్యంలో పాతబస్తీ ఫలితాలకు ప్రపంచమంతటా చదువరులు దొరికారు.

చట్టం, గుర్తింపు

ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం 1982లో వచ్చింది. ప్రైవేటు బడుల స్థాపన, గుర్తింపు నియమాలను 1994 జనవరి 1 నాటి జి.ఓ. నంబరు 1 నిర్దేశించింది. ఆటస్థలం, గదుల కొలతలు, టీచర్ల అర్హతలతో పాటు, వసూలైన ఫీజులో ఎంత జీతాలకు, ఎంత నిర్వహణకు, ఎంత యాజమాన్యానికి అన్నది కూడా అందులో ఉంది. యాజమాన్యానికి మిగిలేది 5 శాతం మించకూడదు. వందా నూటయాభై గజాల ఇంట్లో నడిచే బడి ఈ కొలతలన్నీ అందుకోవడం అయ్యేపని కాదు. ఫలితంగా చాలా బడులు గుర్తింపు లేకుండానో, తాత్కాలిక గుర్తింపుతోనో నడిచాయి. గుర్తింపు లేని బడి పిల్లలు పదో తరగతి పరీక్ష గుర్తింపు ఉన్న మరో బడి పేరు మీద రాయడం అందరికీ తెలిసిన ఏర్పాటు. నియమాలు కఠినంగా ఉండి అమలు వదులుగా ఉంటే నడుమ లంచానికి చోటు దొరుకుతుందని టూలీ వాదం. నియమాలు లేకపోతే అగ్ని ప్రమాదం జరిగిన రోజున ఎవరు జవాబుదారీ అన్నది అవతలివారి ప్రశ్న. రెండూ కొట్టిపారేయదగ్గవి కావు.

1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అని తేల్చింది. 2002లో 86వ సవరణ దాన్ని రాజ్యాంగంలో చేర్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలనీ, వారి ఖర్చు ప్రభుత్వం చెల్లించాలనీ చెప్పింది. ఫ్రీడ్‌మన్ ఓచర్‌కు ఇది దూరపు చుట్టమే. తెలంగాణలో ఈ నిబంధన ఏళ్ల తరబడి అమలుకు నోచుకోలేదు. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014 మే నెలలో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు తీర్పునివ్వడంతో, ముస్లిం యాజమాన్యాలు ఎక్కువగా ఉన్న పాతబస్తీకి సంబంధించి దీని పరిధి ఇంకా తగ్గింది.

ఓచర్ ఆలోచన తెలుగు రాష్ట్రాల్లో వేరే తలుపు గుండా వచ్చింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద విద్యార్థి తనకు సీటు వచ్చిన ప్రైవేటు కళాశాలలో చేరితే ఫీజు ప్రభుత్వం కడుతుంది. ఎస్సీ, ఎస్టీ పిల్లల కోసం నడిచే బెస్ట్ అవైలబుల్ స్కూల్ పథకం కూడా ఈ కోవలోదే. ఈ పథకాలు ఎందరికో ఇంజినీరింగ్ చదువు ఇచ్చాయి. వీటితో పాటే ‘బకాయిలు’ అన్న మాట కళాశాలల గేట్ల దగ్గర రోజూ వినిపించే మాటయింది. తండ్రి కట్టే ఫీజు ఆలస్యమైతే కరస్పాండెంట్ ఇంటికి కబురు పెడతాడు. సర్కారు కట్టాల్సింది ఏళ్లు ఆలస్యమైతే కబురు ఎక్కడికి పెట్టాలో తెలియదు. సిద్ధాంత గ్రంథాల్లో లేని ఈ చిక్కు తెలుగు రాష్ట్రాల అనుభవం నుంచి నేర్చుకోదగ్గది.

విమర్శలు

టూలీ బృందం హైదరాబాదు వ్యాసం 2007లో ‘ఆక్స్‌ఫర్డ్ రివ్యూ ఆఫ్ ఎడ్యుకేషన్’లో వచ్చింది. దాని నిర్ధారణలను ప్రశ్నిస్తూ పద్మ సారంగపాణి, క్రిస్టఫర్ వించ్ 2010లో అదే పత్రికలో జవాబు రాశారు. ఈ వాదంలో విమర్శకులు సాధారణంగా ఎత్తే ప్రశ్నలు మూడు. ప్రైవేటు బడికి పంపే ఇల్లు, పంపలేని ఇల్లు ఒకే స్థితిలో లేనప్పుడు మార్కుల తేడా బడి వల్ల వచ్చిందా, ఇంటి వల్ల వచ్చిందా? శిక్షణ లేని, అరకొర జీతం తీసుకునే టీచరు మీద నిలిచిన చదువు ఎంతకాలం నిలుస్తుంది? ఆ చిన్న ఫీజు కూడా కట్టలేనివాళ్ల సంగతేమిటి?

మూడో ప్రశ్నకు పాతబస్తీలోనే చేదు సాక్ష్యం ఉంది. 2015 జనవరిలో పోలీసులు ఇక్కడి గాజుల కార్ఖానాల మీద దాడులు చేసి, బిహార్ నుంచి తెచ్చి పనిలో పెట్టిన పిల్లలను రెండొందలకు పైగా విడిపించారు. ఇళ్లలోనే నడిచే బడులూ ఇళ్లలోనే నడిచే కార్ఖానాలూ పక్కపక్కనే ఉండే చోటు ఇది. ఒక ఇంట్లో పిల్లలు డైరీ రాసుకుంటుంటే మరో ఇంట్లో పిల్లలు లక్క మీద అద్దాలు అతికించారు. రెండో ఇంటి పిల్లల తరఫున ఫీజు పట్టుకుని గల్లీలో తిరిగే తల్లి లేదు. అక్కడికి వెళ్లగలిగింది చట్టం ఒక్కటే.

‘యాన్ అన్‌సర్టెన్ గ్లోరీ’ (2013)లో జ్యాఁ ద్రెజ్, అమర్త్య సేన్ మరో మాట అన్నారు. చదువు నాణ్యత కొనేవాడికి తేలిగ్గా తెలిసే సరుకు కాదు, కాబట్టి బడుల మధ్య పోటీ మీద పూర్తి భరోసా పెట్టలేమని వారి వాదం.

ఓచర్ల ప్రయోగం

ఈ వాదాలను పరీక్షకు పెట్టే అవకాశం పూర్వపు ఆంధ్రప్రదేశ్‌లోనే వచ్చింది. 2008 నుంచి ఐదు జిల్లాల్లోని 180 పల్లెల్లో జరిగిన ఓచర్ ప్రయోగాన్ని కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ విశ్లేషించి 2015లో ‘క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్’లో ప్రచురించారు. ఓచర్లు కోరిన కుటుంబాలకు లాటరీ తీశారు. కనుక ఇంటి తేడాల సమస్య ఇక్కడ లేదు. నాలుగేళ్ల తరువాత చూస్తే ఓచర్‌తో ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలు తెలుగు, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లలకన్నా ముందూ లేరు, వెనకా లేరు. ఆ సబ్జెక్టులకు ప్రైవేటు బడులు కేటాయించిన సమయమే తక్కువ. ప్రభుత్వ బడుల్లో దాదాపు బోధించని హిందీలో మాత్రం వాళ్లు బాగా ముందున్నారు. ఒక్కో పిల్లవాడికి ప్రైవేటు బడిలో అయ్యే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. ఇంగ్లీషు మీడియానికి మారిన పిల్లలు తెలుగు మీడియం ప్రైవేటు బడికి వెళ్లినవారితో పోలిస్తే నష్టపోయినట్టు సూచనలూ కనిపించాయి.

ఈ ఫలితాన్ని రెండు పక్షాలూ తమకు అనుకూలంగా చెప్పుకున్నాయి. మూడో వంతు ఖర్చుతో అంతే చదువు అని ఒకరు, బడి మారినా చదువు పెరగలేదని మరొకరు. నిజానికి రెండూ ఒకే వాక్యంలోని రెండు సగాలు.

కొవిడ్, తరువాత

2020 మార్చిలో బడులు మూతపడగానే చిన్న ప్రైవేటు బడుల బలహీనత బయటపడింది. ఫీజు ఆగింది, దాంతో జీతం ఆగింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రైవేటు టీచర్లు కూరగాయలు అమ్మడం, ఉపాధి హామీ పనికి వెళ్లడం వార్తలయ్యాయి. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. గుర్తింపు లేని బడి టీచరు ఈ జాబితాలోకి రాలేదు. సర్కారు లెక్కల్లో లేకపోవడం మంచి రోజుల్లో ఖర్చు తగ్గించింది, చెడ్డ రోజున పూట గడవకుండా చేసింది.

ఈలోగా ప్రభుత్వమూ మార్కెట్ నుంచి కొంత నేర్చుకుంది. 2016లో మొదలైన తెలంగాణ మైనారిటీ గురుకులాలు ఇంగ్లీషు మీడియంలో, వసతితో ఉచితంగా చదువు చెబుతూ 204 పాఠశాలలకు విస్తరించాయి. 2022–23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. నగరంలో ‘మన బస్తీ – మన బడి’ పేరుతో భవనాల మరమ్మతులు చేపట్టారు. 2018 చట్టంతో తెలుగు బోధన అన్ని బడుల్లో దశలవారీగా తప్పనిసరి అయింది. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లవాడు బడిలో ఇంగ్లీషు, ఉర్దూ, హిందీలతో పాటు తెలుగు అక్షరాలూ దిద్దుతున్నాడు. మార్కెట్ అడిగింది ఇంగ్లీషు ఒక్కటే. ఈ నాలుగో పలకను తెచ్చింది ప్రభుత్వం.

మూల్యాంకనం

స్వేచ్ఛా మార్కెట్ చింతన పాతబస్తీలో పూర్తిగా గెలిచిందనీ ఓడిందనీ చెప్పడానికి ఆధారాలు ఒప్పుకోవు. స్మిత్ ఊహించినట్టు, ఫీజు మీద బతికే టీచరు బడికి వస్తున్నాడు. హాయక్ చెప్పినట్టు, దూరాన ఉన్న అధికారికి తెలియని సంగతి దగ్గర ఉన్న తల్లికి తెలుసు. ఫ్రీడ్‌మన్ ఓచర్ రాకముందే ఇక్కడి కుటుంబాలు సొంత జేబు నుంచి ఎంపిక హక్కును కొనుక్కున్నాయి. ఇవన్నీ తల్లి కంటికి ఆనే సంగతులు: టీచరు వచ్చిందా, తలుపు తీశారా, హోంవర్క్ ఇచ్చారా, బోర్డు ఇంగ్లీషులో ఉందా. కంటికి ఆనని వాటి దగ్గర, అంటే రాసింది పిల్లవాడికి అర్థమైందా, ఏ భాషలో నేర్పితే బాగా వస్తుంది, మెట్లు ఇరుకైన భవనం నిప్పంటుకుంటే ఏమవుతుంది, అసలు బడి గుమ్మం తొక్కని పిల్లలు ఎవరు అన్న ప్రశ్నల దగ్గర ఫీజుకు ఆ పట్టు లేదు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది పరీక్షలు, శిక్షణ, తనిఖీ, ఖర్చు చూసుకునే ప్రభుత్వం. పాతబస్తీ బడుల చరిత్రలో సర్కారు ఎక్కువ శ్రద్ధ పెట్టింది గజాల కొలతల మీద, తక్కువ శ్రద్ధ పెట్టింది వీటి మీద.

ప్రతి సాయంత్రం డైరీ మీద సంతకం పెట్టే తల్లి తాను చేయగల తనిఖీ చేసేస్తోంది. గడి నిండిందని ఆమెకు తెలుస్తోంది. గడిలో రాసింది పిల్లవాడికి వచ్చిందో లేదో ఆమెకు చెప్పే ఏర్పాటు మార్కెట్‌లోనూ లేదు, డిప్యూటీ ఐ.ఓ.ఎస్. కార్యాలయంలోనూ ఇంకా లేదు.